ఏడో నంబరు గుడ్డు

ఇబ్రహీంపట్నం,
సెప్టెంబరు నెలాఖరు

మనోజా,

ఉత్తరం చూసి ఎవరో పోయారనుకోకు, అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నా ఫోన్ ఇప్పుడు నాది కాదు. పొద్దున పిల్లల హాజరు దాంట్లోనే, మధ్యాహ్నం వాళ్లు గుడ్డు తింటున్న ఫోటో దాంట్లోనే, సాయంత్రం మా హెడ్మాస్టర్ శ్రీపాల్ సార్ పంపే మంచి మాటలు దాంట్లోనే. నీ ఫోనేమో మీ ప్రైవేటు బడి గేటు దగ్గర డబ్బాలో పడి ఉంటుంది. బీఎడ్ హాస్టల్లో పక్కపక్క మంచాల మీద తెల్లవార్లూ గుసగుసలాడిన వాళ్లం, ఇప్పుడు పోస్టాఫీసు పాలయ్యాం.

సంగతేమిటంటే, మా సర్కారు బడి మీదికి సైన్స్ ఫెయిర్ వచ్చి పడింది. డిసెంబరులో జిల్లా స్థాయి ప్రదర్శన. శ్రీపాల్ సార్ ప్రార్థనలో ప్రకటించారు: "ఈసారి జిల్లాల మన బడి పేరు మోగాలె. మోడల్ మస్తుగుండాలె. ఖర్చు మాత్రం కావద్దు."

ఖర్చు కాని మోడల్ మా దగ్గర ఒకటుంది. బీరువా మీద దుమ్ము కొట్టుకుపోయిన థర్మకోల్ ఊరు. మొదటి ఏడు దాని పేరు హరిత గ్రామం. మరుసటి ఏడు గాలిమర గుచ్చి సౌరశక్తి గ్రామం అన్నాం, ఎవరూ అడగలేదు. పోయినేడు సీసా మూతలు నాలుగు అతికించి స్మార్ట్ గ్రామం చేశాం. ఎలుకలు సగం ఇళ్లు కొట్టేశాయి కాబట్టి ఈసారి భూకంపం వచ్చిన గ్రామం అని పెడదామని సార్ ఆలోచన.

సార్ తొమ్మిదో తరగతికొచ్చి ఆ మాట చెబుతుంటే అనం లేచింది. "టీచర్, కోడి లేకుంట బల్బు కింద పెడితె గుడ్లు పొదుగుతయా? వేడి ఒక్కటే సాలా, కోడి ఇంకేమన్న చేస్తదా?"

పద్నాలుగేళ్లుగా బయాలజీ చెబుతున్నాను. ఇంతకాలం పిల్లలు నన్నడిగిన ప్రశ్న ఒక్కటే, ఇది పరీక్షలో వస్తదా అని. నిజంగా తెలుసుకోవాలని అడిగిన మొదటి పిల్ల ఇది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వకు.

సార్ వెంటనే ఒప్పుకున్నారు. "మధ్యాహ్న భోజనం గుడ్లు ఉండనే ఉన్నయి, అవే పెట్టుండ్రి" అన్నారు. అనం నెమ్మదిగా చెప్పింది: "అవి పొదగయి సార్. పుంజు లేని ఫారం గుడ్లు." తరగతంతా ఘొల్లుమంది. సార్ ఎమ్మెస్సీ అని బోర్డు మీద ఉంది.

నాకున్న భయం ఒకటే. అనం వాళ్ల నాన్న సయీద్ ఆటో నడుపుతాడు. పదో తరగతికి మీ మీర్‌పేట్ దిక్కు ప్రైవేటు బడికి తోలుతానంటున్నాడు. "సర్కారు బడిల ఏం చెప్తరు టీచరమ్మా? గుడ్డు తినిపిచ్చి పంపుతరు, గంతే గద" అని నా మొహం మీదే అన్నాడు. ఈ ప్రాజెక్టు గెలిస్తే ఆయన నోరు మూస్తాడు, పిల్ల నా దగ్గరే ఉంటుంది. ఏటా ఒక్క మంచి పిల్ల దొరకడం, పదికి రాగానే ఎవరో ఎగరేసుకుపోవడం. ఈ పిల్లను మాత్రం వదిలేది లేదు.

నీ
షబీనా

*

మీర్‌పేట్,
అక్టోబరు మొదటి వారం

ఒసేయ్ షబీనా,

కళ్లలో నీళ్లు తిరిగేంత ప్రశ్నా? మా దగ్గర ప్రశ్నలుండవు. ముద్రించిన జవాబులుంటాయి, వాటి కిందే పిల్లలుంటారు.

మా సైన్స్ ఫెయిర్ అయిపోయింది తెలుసా, ఇంకా జరగకముందే. మా కరస్పాండెంట్ కోఠీలో ఒక దుకాణానికి ఫోన్ చేసి ఆటోమేటిక్ ట్రాఫిక్ సిగ్నల్ ఆర్డరిచ్చాడు. అట్టపెట్టెలో వచ్చింది. అడుగున దుకాణం స్టిక్కర్, దాని మీద ఫోన్ నంబరు. చేసిన శాస్త్రవేత్త ఎవరో ఇంకా తేల్చలేదు, ఫీజు మొత్తం కట్టిన వాళ్లలో ఎత్తైన అబ్బాయిని చూడమన్నారు. నా పని వాడికి "రెస్పెక్టెడ్ జడ్జెస్" నుంచి "థాంక్యూ" దాకా బట్టీ పట్టించడం. మధ్యలో దగ్గు వస్తే మళ్లీ మొదటి నుంచి మొదలెడతాడు.

కోడిగుడ్ల గురించి నన్నడుగు. మా ఊరు మంచాలలో అమ్మ కోళ్ల మధ్యే పెరిగాను. గుడ్లను రోజూ తిప్పాలి, ఎండిపోకుండా గిన్నెలో నీళ్లు పెట్టాలి. వేడి ఒక్క పూట తగ్గినా కష్టం. పెట్ట కోడి ఎట్లా కూర్చుంటుందో తెలుసా, గింజలకు దిగినా పరుగున పోయి పరుగున వస్తుంది.

ఆ సయీద్ ఎవరు? మంచాల రోడ్డు మీద తిరిగే ఆటోనా? ఊరికే అడుగుతున్నాను, మా ఊరి వాళ్లెవరైనా అయివుంటే అమ్మకు తెలుస్తుందని.

మా దగ్గర వచ్చే జూన్ అడ్మిషన్ల హడావిడి ఇప్పుడే మొదలైంది. ఆ గోల నీకెందుకులే.

మనోజ

*

ఇబ్రహీంపట్నం,
నవంబరు

మనోజా,

పెట్టేశాం! చేపల దుకాణం నుంచి థర్మకోల్ డబ్బా తెచ్చారు పిల్లలు. ఎన్నిసార్లు కడిగినా వాసన పోలేదు, గుడ్లకు ముక్కుండదు కాబట్టి సరిపెట్టుకున్నాం. బల్బు, థర్మామీటరు, నీళ్ల గిన్నె. గుడ్లు అనం వాళ్ల దాదీ జమాల్ బీ ఇచ్చింది. ఇచ్చేటప్పుడు ఒక్కోదాన్నీ నా చేతిలో పెడుతూ "పైలం టీచరమ్మా, వీటి తల్లి యాదికి చేసుకుంటది" అంది. నేను పెళ్లికూతురిని తీసుకొచ్చినట్టు తెచ్చాను.

అనం ప్రతి గుడ్డు మీద పెన్సిల్‌తో నంబరు వేసింది. ఒకవైపు నంబరు, ఇంకోవైపు సున్న, ఎటు తిప్పామో గుర్తుండాలని. పొద్దున, మధ్యాహ్నం, ఇంటికి పోయే ముందు తిప్పుతుంది. ఆదివారం కూడా వస్తానంటే సార్ ఒప్పుకోలేదు. మొదటి వారం టార్చి పెట్టి చూస్తే ఏడో నంబరులో ఎర్రటి దారంలాంటిది కనిపించింది. అనం నా చేయి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్లు దిగాయి. తర్వాత టార్చి బంద్. సార్ హుకుం. "ఊకె చూస్తె దిష్టి తలుగుతది" అని డబ్బాకు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టించారు. సైన్స్ ఫెయిర్ ప్రాజెక్టుకు! దాని పక్కన నిలబడి ఫోటో కూడా దిగారు.

వేడి సంగతి నువ్వు భయపెట్టావు గానీ, పొద్దున ప్రార్థన అయ్యాక వెళ్లి చూస్తే ఎప్పుడూ ముప్పై ఏడున్నరే. మా బల్బు మీ కోడి కంటే బుద్ధిమంతురాలు.

సయీద్ ఎవరని అడిగావు. మంచాల అడ్డా మీద ఉంటాడు, ఆటో వెనక ఆకుపచ్చ చిలుక బొమ్మ. ఇల్లు మా బడి వెనక గల్లీలోనే. కానీ మనోజా, దుర్మార్గం చూడు. మొన్న ఎవరో ప్రైవేటు బడి మేడమ్ వాళ్లింటికి వచ్చిందట. పదో తరగతి ఫ్రీ సీటు, బస్సు ఫ్రీ, పిల్లకు జిల్లాలో ప్రైజు వస్తే అన్నీ మేమే చూసుకుంటాం అందట. సయీద్ మొహం వెలిగిపోతోంది. ఆ మేడమ్ ఎవరో గానీ కంట పడితే జుట్టు పట్టి బస్టాండు దాకా ఈడ్చేదాన్ని. కోడిపిల్లల మీద గద్ద వాలినట్టు వాలింది. అలాంటి వాళ్లకు రాత్రి నిద్ర ఎట్లా పడుతుందో నాకు అర్థం కాదు.

షబీనా

*

మీర్‌పేట్,
నవంబరు

షబీనా,

ఉత్తరం అందింది. ఒంట్లో బాగాలేదు, ఎక్కువ రాయలేను.

ఆ మేడమ్‌ను మరీ అంత తిట్టకు. ఆమెకు కూడా ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. ఎవరు పంపితే వచ్చిందో. పిల్ల మంచి బడికి పోతే నీకు మాత్రం నష్టమేమిటి?

చలి ఎక్కువైంది. గుడ్లు జాగ్రత్త.

మనోజ

*

ఇబ్రహీంపట్నం,
డిసెంబరు మొదటి వారం

మనోజా!

పుట్టింది! సోమవారం పొద్దున అనం డబ్బా మూత తీసేసరికి ఏడో నంబరు గుడ్డు పెంకు రెండు ముక్కలై ఉంది, పక్కన కోడిపిల్ల. చూస్తే నువ్వు కూడా మురిసిపోతావు. ఇటు నుంచి అటు ఒకటే పరుగు. రెక్కల మీద చిన్న చిన్న ఈకలు, నూకలు వేస్తే టకటకా ఏరుకు తింది. మిగతా గుడ్లు ఎందుకో పిల్లలు కాలేదు, పోనీ. ఒక్కటి చాలు.

శ్రీపాల్ సార్ బడికి అరపూట సెలవిచ్చారు. విలేకరి వచ్చాడు. "సర్కారు బడిలో కృత్రిమ కోడి" అని పేపర్లో పడింది. ఫోటోలో సార్ కోడిపిల్లను పట్టుకున్నారు, అనం సార్ మోచేతి వెనకాల సగం కనిపిస్తుంది. సయీద్ ఆటో ఆపి వచ్చాడు. "నేను తప్పు మాట్లాడిన టీచరమ్మా" అన్నాడు. నాకు అదే పదివేలు.

అనం మాత్రం పెంకు ముక్కలు చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. సంతోషం ఎక్కువైందనుకుంటాను. మిగిలిన గుడ్లు ఇంటికి తీసుకుపోతానంటే ఇచ్చేశాను.

వచ్చే వారమే జిల్లా ప్రదర్శన. మీ ట్రాఫిక్ సిగ్నల్‌కు ఎర్ర లైటు వేసి పెట్టుకో.

షబీనా

*

మీర్‌పేట్,
డిసెంబరు

షబీనా,

నీ ఉత్తరం చదివి నవ్వాను. తర్వాత మళ్లీ చదివాను, నవ్వు రాలేదు.

గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్ల ఎట్లా ఉంటుందో నువ్వెప్పుడైనా చూశావా? తడిసి ముద్దయి, మెడ నిలపలేక పడిపోతూ ఉంటుంది. ఆరడానికే పూట పడుతుంది. రెక్కల మీద ఈకలు రావాలంటే రోజులు పట్టాలి. నీ కోడిపిల్ల పుట్టగానే పరుగెత్తిందా, నూకలు తిన్నదా? ఇంకో గంట ఆగితే గుడ్డు కూడా పెట్టేదేమో. ఎక్కడ కొన్నావే?

నా సంగతి కూడా చెబుతాను, ఎలాగూ దాగదు. ఆ మేడమ్ నేనే. నువ్వు ఆటో వెనక చిలుక బొమ్మ గురించి రాసేనాటికే నేను ఆ ఆటోలో ఎక్కి దిగాను. నీకు ఎండాకాలం కూడా జీతం పడుతుంది. మాకు ముగ్గురు పిల్లలను తెస్తేనే వేసవి జీతం, లేకపోతే జూన్‌లో రమ్మంటారో లేదో తెలియదు. ఎండలో చెప్పులరిగేలా తిరిగి అడ్మిషన్లు అడుక్కునే టీచర్లను నువ్వు చూశావు, తలుపు వేసుకున్నావు కూడా. జుట్టు పట్టి ఈడుస్తానన్నావు కదా. రా, ఇప్పుడు పెద్దగా జుట్టు కూడా లేదు.

ఇంకో మాట. మా కరస్పాండెంట్ పేపర్లో ఫోటో చూసి ఫ్లెక్సీ డిజైన్ చేయించాడు. మీ సార్‌ను కత్తిరించేసి అనం బొమ్మ ఒక్కటే ఉంచారు. కింద "మా విద్యార్థిని" అని ఉంది. పిల్ల ఇంకా చేరనేలేదు. జిల్లాలో ప్రైజు వస్తే ఆ ఫ్లెక్సీ కడతారు, పిల్ల మా దగ్గరికి వస్తుంది. అంటే నువ్వు పెట్టిన దొంగ కోడిపిల్లే నీ అనంను తీసుకొచ్చి నా చేతిలో పెడుతుంది. నాకు మూడో అడ్మిషన్ అవుతుంది.

ఇది చెప్పకుండా ఊరుకుంటే నాకే లాభం. అయినా చెబుతున్నాను.

మనోజ

*

ఇబ్రహీంపట్నం,
జనవరి

మనోజా,

నీ ఉత్తరం చింపేశాను. తర్వాత కూర్చుని అతికించాను, ప్రతి మాటకూ విడివిడిగా తిట్టాలని. అతికించేసరికి కోపం సగం పోయింది. నీ మీద తలుపు వేసిన వాళ్లలో నేనూ ఉన్నానన్న మాట మాత్రం పోలేదు. ఇంకా గుచ్చుకుంటోంది.

జరిగింది మొత్తం రాస్తాను. పొదిగే గడువు దగ్గరపడిందని ఆ ఆదివారం మధ్యాహ్నం నేనొక్కదాన్నే బడికి వెళ్లాను. గది తీస్తే చీకటి. బల్బు వెలగడం లేదు, డబ్బా రాయిలా చల్లగా ఉంది. మెయిన్ స్విచ్ ఆఫ్ చేసి ఉంది. ఎవరు చేశారనుకుంటున్నావు? మా అటెండరు బుగ్గయ్య. ఒకప్పుడు ఫ్యాను వదిలేసి పోయాడని శ్రీపాల్ సార్ అందరి ముందు తిట్టారట. అప్పటి నుంచి పిల్లలు గేటు దాటగానే మెయిన్ దించుతాడు, పొద్దున అందరికంటే ముందొచ్చి వేస్తాడు. మేం ప్రార్థన ముగించుకుని వచ్చేసరికి బల్బు బుద్ధిగా ముప్పై ఏడున్నర చూపించేది. పాపం రాత్రంతా గుడ్లు చలికి గడ్డకట్టేవి. బుగ్గయ్యకు ప్రాజెక్టు గురించి మాలో ఒక్కరూ చెప్పలేదు. ఆయనతో మేం మాట్లాడేది చాయ్ గురించే కదా.

ఏడో నంబరు పగలగొట్టి చూశాను. నీకు రాయలేను. అనం గోళ్లు దిగిన చోట చేయి మళ్లీ నొప్పి పుట్టినట్టయింది. ఈ పిల్ల పోతుంది, సయీద్ నవ్వుతాడు, ఇంకేం చూడలేదు నేను. బస్సెక్కి హయత్‌నగర్ పోయాను. కోడిపిల్లలమ్మేవాడి గంపలో అన్నీ ఆకుపచ్చ రంగు, గులాబీ రంగు పూసినవే. రంగు పూయనిది ఒక్కటే ఉంది, కాస్త పెద్దది. అదే తెచ్చాను. ఇంట్లో ఆమ్లెట్ వేసిన గుడ్డు పెంకు పక్కన పెట్టి, దాని మీద ఏడు అని నేనే వేశాను. ఎర్ర పెన్నుతో. చేతికి అలవాటు, మనోజా. పద్నాలుగేళ్లుగా దిద్దే చేయి పెన్సిల్ కోసం వెతకలేదు.

ఇక ప్రదర్శన. మా స్టాల్‌కు ముగ్గురు జడ్జీలు వచ్చారు. శ్రీపాల్ సార్ కోడిపిల్లను అరచేతిలో పెట్టుకుని ఉపన్యాసం మొదలెట్టారు. అనం మధ్యలోనే అంది: "సార్, ఈ పిల్ల ఈ డబ్బల పుట్టలే."

చార్టు తిరగేసింది. వెనక వైపు అంతా తన చేతిరాత. మిగిలిన గుడ్లు ఇంట్లో పగలగొట్టి, ఏది ఎంత పెరిగి ఆగిపోయిందో బొమ్మలు గీసింది. బుగ్గయ్యను అడిగి స్విచ్ సంగతి కనుక్కుంది. "రాత్రి వేడి లేకపోతె పిల్ల గాదు. కోడి రాత్రి గూడ లేవదు. నేనడిగిన ప్రశ్నకు జవాబు గిదే" అని చదివింది. ఒక్క దగ్గు లేదు, ఒక్క బట్టీ ముక్క లేదు.

ఒక జడ్జి కళ్లజోడు సర్దుకుని "ఫెయిలైన ప్రాజెక్టుకు మార్కుల షీట్ల కాలమ్ లేదమ్మా" అన్నాడు. ఇంకొకాయన కోడిపిల్లతో సెల్ఫీ దిగాడు. శ్రీపాల్ సార్ మొహం కందిపోయింది. అందరి ముందు అనం మీద విరుచుకుపడ్డారు: "పిల్లను నువ్వే తెచ్చి పెట్టినవ్, ఇప్పుడు నువ్వే కథలు చెప్తున్నవ్. బడి ఇజ్జత్ తీస్తవా?"

అనం ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది. నా పేరు చెప్పలేదు మనోజా. చెప్పి ఉంటే బాగుండేది, నేను బుకాయించేదాన్నేమో. ఊరికే చూస్తూ నిలబడింది, సయీద్ కూడా అక్కడే ఉన్నాడు.

"నేను పెట్టిన సార్" అన్నాను.

ఆ తర్వాత సార్ నన్నేమన్నారో నీకు చెప్పను, మెమో వచ్చింది కాబట్టి అది సర్కారు భాషలో భద్రంగా ఉంది. ప్రైజు మీ ట్రాఫిక్ సిగ్నల్‌కు వచ్చింది, నీకు ముందే తెలుసు. మీ ఎత్తైన శాస్త్రవేత్త పేరేమిటని జడ్జి అడిగితే "రెస్పెక్టెడ్ జడ్జెస్" అన్నాడట. ప్రైజు రాని పిల్ల ఫ్లెక్సీకి పనికిరాదని మీ కరస్పాండెంట్ సయీద్‌కు ఫోన్ కూడా చేయించలేదు. నీ మూడో అడ్మిషన్ పోయింది. నాకు సంతోషంగా ఉంది, నీ జీతం తలుచుకుంటే బాధగా కూడా ఉంది. రెండూ నిజమే. మా చెల్లెలి కొడుకును మీ బడిలో వేయమని అడిగాను, చూద్దాం.

తిరిగి సయీద్ ఆటోలోనే వచ్చాం. బడి దగ్గర దిగుతుంటే ఆయన కూతురినే అడిగాడు: "ఏం బేటా, యాడ సదువుతవ్? టీచర్లే గిట్ల జేస్తె ఈడ ఉంటవా, ఇంకో బడి జూడాల్నా?"

ఈ పిల్లను ఉంచుకోవడానికే కదా ఇంత గడ్డి కరిచాను.

అనం చార్టు చుట్టి చంకలో పెట్టుకుంది. "ఈడనే ఉంట. అడిగితె టీచర్ ఒప్పుకుంది గద. సార్ అయితె ఒప్పుకుంటుండెనా?" అంది. ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ నాకు జన్మలో రాదు, ఇంతకంటే చిన్నదీ రాదు.

ఇప్పుడు మళ్లీ గుడ్లు పెట్టింది. బడిలో కాదు, వాళ్లింట్లో, జమాల్ బీ మంచం పక్కన. ప్రదర్శన లేదు, ప్రైజు లేదు, తెలుసుకోవాలి, అంతే. నిన్న సాయంత్రం నన్ను పిలిచింది. నేను నేల మీద కూర్చుని డబ్బా దగ్గరికి చేయి చాపాను.

"టీచర్," అంది అనం, అచ్చం నేను ల్యాబులో పిల్లలతో అనే గొంతుతో, "సూడుండ్రి. ముట్టుకోవద్దు."

చేయి వెనక్కి తీసుకున్నాను.

షబీనా